పచ్చబడ్డ తెల్ల దుప్పట్లకు క్లోరిన్ బ్లీచా, ఆక్సిజన్ బ్లీచా?

ఉతికి మడతపెట్టిన తెల్ల దుప్పట్లు, దిండు గలీబులు బీరువాలోనే పచ్చబడ్డాయి, ఏ బ్లీచ్ మంచిదని చాలామంది అడుగుతుంటారు. ఆ పచ్చదనం ఎక్కడిదో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. చాలావరకు అది ఒంటి జిడ్డు. ఉతికినా నూలులో కొంత మిగిలి, గాలి తగిలి మెల్లగా రంగు మారుతుంది. తల ఆనేచోట ఎక్కువ పచ్చగా ఉండేది అందుకే. సరిగ్గా జాడించని సబ్బూ దానికి తోడవుతుంది.

క్లోరిన్ బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రవం, చన్నీళ్లలోనే, పది నిమిషాల్లో పనిచేస్తుంది. కానీ రంగు విరుస్తుందే తప్ప జిడ్డు వదిలించదు. కొన్నాళ్లకు మళ్లీ అదే పచ్చదనం, మళ్లీ బ్లీచ్. ఇలా పదేపదే చేస్తే పోగులు బలహీనపడి అంచు కుట్ల దగ్గర చిరుగు మొదలవుతుంది. నీళ్లలో ఇనుము ఉంటే బట్టకు తుప్పురంగు కూడా అంటుకుంటుంది. ముడతలు పడవని అమ్మే బట్టల్లో కొన్నింటి పూత క్లోరిన్‌ను పట్టి ఉంచుకుని, ఇస్త్రీ తగలగానే పచ్చబడుతుంది.

ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ పొడి, నీళ్లలో పడగానే వాషింగ్ సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. సోడా జిడ్డును విరుస్తుంది, పెరాక్సైడ్ రంగును. నా ఓటు దీనికే.

అయితే వేడి లేకపోతే ఇది పెద్దగా పనిచేయదు. 40 డిగ్రీల లోపు చాలా నెమ్మది, 60 దగ్గర చురుకు. "వాడాం, ఏమీ తేడా లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది చన్నీళ్లలో వేసినవాళ్లే. 10 లీటర్ల వేడినీళ్లకు 100 గ్రాములు, సుమారు ఆరేడు పెద్ద చెంచాలు, పూర్తిగా కరిగాకే బట్ట వేయాలి. బట్ట వదులుగా, మొత్తం మునిగి ఉండాలి. పైకి తేలిన చోట మచ్చగా మిగులుతుంది. నాలుగైదు గంటలు చాలు. ఆ తర్వాత నీళ్లలో శక్తి ఉండదు కాబట్టి, పచ్చదనం ఇంకా ఉంటే కొత్త నీళ్లు కలపడమే మార్గం. చివర మామూలుగా ఉతికి, రెండుసార్లు జాడించాలి.

చెమ్మ తగిలిన పొడి దండగ. పొడి బాగుందో లేదో చూడాలంటే చెంచాడు పొడి వేడినీళ్లలో వేయండి, బుడగలు రావాలి. కలిపిన నీళ్లను సీసాలో బిగించి దాచకండి, వాయువు ఊరి పగులుతుంది.

తుప్పు మచ్చలుంటే ముందు వాటిని నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లతో తీసి, బాగా జాడించాకే నానబెట్టాలి. ఇనుము ఉన్నచోట పెరాక్సైడ్ ఉధృతంగా విరిగి బట్టకు చిల్లులు పడతాయి. నిమ్మ ఉప్పు, వెనిగర్ లాంటి పులుపేదీ క్లోరిన్ బ్లీచ్‌తో మాత్రం కలవకూడదు, విషవాయువు వస్తుంది.

క్లోరిన్‌కూ ఒక చోటుంది: తెల్ల నూలు మీద నల్ల బూజు చుక్కలు. 10 లీటర్ల చన్నీళ్లలో 100 మిల్లీలీటర్లు కలిపాకే బట్ట ముంచి, పది నిమిషాల్లో తీసేయాలి. పట్టుకు, ఉన్నికి రెండూ పనికిరావు.

నీలిమందు పచ్చదనాన్ని కనిపించకుండా చేస్తుంది, అంతే. తడిబట్టను ఎండలో పరిస్తే కొంత మేలు.

దాచేముందు గంజి పెట్టొద్దు. నిల్వలో అదీ పచ్చబడుతుంది, పురుగూ పడుతుంది. వాడకానికి తీసినప్పుడు పెట్టుకోవచ్చు.