ఫౌండేషన్ పోయిన రెంటల్ ఇల్లు, హోమ్‌స్టైల్ లోన్: లోన్‌కి 4 స్టార్లు, లెండర్‌కి 2

డాలస్ చుట్టుపక్కల పాత ఇల్లు కొని అద్దెకిద్దాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే, వానకి ఉబ్బుతుంది ఎండకి బీటలిస్తుంది, దాని మీద ఇంటికి పునాదిగా పోసిన కాంక్రీట్ స్లాబ్ కూడా దాంతోపాటే లేచి దిగుతుంటుంది. రేటు తక్కువుందని వెళ్ళి చూస్తే తలుపులు పడవు, ఇటుక గోడకి మెట్లు మెట్లుగా పగుళ్ళు.

మామూలు కన్వెన్షనల్ లోన్‌కి వెళ్తే అప్రైజర్ (ఇంటి విలువ కట్టేవాడు) ఆ పగుళ్ళు రాసేస్తాడు, లెండర్ ఇంజనీర్ రిపోర్ట్ తెమ్మంటాడు, రిపేరైతేగానీ క్లోజ్ చెయ్యం అంటాడు, అమ్మేవాడేమో నేను రూపాయి పెట్టను ఉన్నదున్నట్టు తీస్కో అంటాడు. ఎఫ్‌హెచ్‌ఏ 203కె అని గవర్నమెంట్ పూచీతో కొనడానికి, రిపేర్‌కి కలిపి ఇచ్చే లోన్ ఉంది గానీ అది సొంతంగా ఉండేవాళ్ళకే, రెంటల్‌కి ఇవ్వరు. హార్డ్ మనీ (ప్రైవేట్ వాళ్ళిచ్చే కొన్నాళ్ళ అప్పు) చకచకా వస్తుంది గానీ ఆ వడ్డీ, ముందే కట్టే ఫీజు పాయింట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, పైగా తర్వాత రీఫైనాన్స్ అని మళ్ళీ క్లోజింగ్ ఖర్చు.

అందుకే హోమ్‌స్టైల్ తీస్కున్నాం, లెండర్ల దగ్గర హోమ్ లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ రూల్స్‌తో లెండర్లు ఇచ్చే రినోవేషన్ లోన్ ఇది. కొనే డబ్బు, రిపేర్ డబ్బు ఒకే లోన్‌లో వస్తాయి, రిపేరయ్యాక ఇల్లు ఎంత చేస్తుందో ఆ లెక్కన అప్రైజల్. ఒకే యూనిట్ ఉన్న రెంటల్‌కి 15 శాతం డౌన్‌తో రూల్స్ ఒప్పుకుంటాయి, రేటు మాత్రం సొంతింటి కంటే ఎక్కువే.

చిరాకంతా డ్రాల దగ్గరే, అంటే రిపేర్ డబ్బు విడతలుగా తీస్కునే దగ్గర. ఆ డబ్బు ఎస్క్రోలో (లెండర్ చేతిలో ఉండే విడి ఖాతాలో) ఉంటుంది, పని అయినంతవరకు ఇన్‌స్పెక్షన్ చేసి వదుల్తారు, పియర్లు (స్లాబ్‌ని నిలబెట్టడానికి కింద దింపే స్తంభాలు) వేసేవాళ్ళేమో ముందే అడ్వాన్స్ పెట్టమంటారు, మధ్యలో మనం. మా లెండర్ (పేరెందుకులెండి) ఇన్‌స్పెక్షన్‌కి మనిషిని పంపడానికే వారాలు తిప్పాడు, ఫోన్ చేస్తే ఒక్కొక్కరు ఒక్కో మాట. రినోవేషన్ లోన్లకి విడిగా మనుషులున్నారా, అడ్వాన్స్ ఎంతవరకు ఇస్తారు అని మొదటి కాల్‌లోనే అడిగేయండి.

ఫౌండేషన్ కంపెనీ ఫ్రీగా ఇచ్చే ఎస్టిమేట్ ఒక్కటే నమ్మొద్దు, వాళ్ళు అమ్మేదే పియర్లు కదా ఇక వద్దని ఎందుకు చెప్తారు. లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి విడిగా డబ్బులిచ్చి చూపించుకోండి. స్లాబ్ లేపినప్పుడు కింద పాత డ్రైన్ పైపులు విరగొచ్చు, కాబట్టి లేపాక ప్లంబింగ్ టెస్ట్, పైపుల రిపేర్ రెండూ మొదటి బిడ్‌లోనే రాయించండి. మాకు బిడ్‌లో పెట్టిన ఆ పైపుల డబ్బు నిజంగానే పనికొచ్చింది, లేకపోతే చేంజ్ ఆర్డర్ (పని మార్పు కాగితం) పట్టుకుని అదే లెండర్ ఆఫీస్ చుట్టూ మళ్ళీ తిరగాల్సొచ్చేది. పియర్ల వారంటీ రేపు కొనేవాళ్ళ పేరుకి మారుతుందో లేదో కూడా కాగితం మీద తీస్కోండి.