మూడేళ్లు వాడిన బో స్క్వేర్: కొలత సరే, క్లిప్పుతోనే పేచీ

బో స్క్వేర్ అంటే అల్లెతాడుకి క్లిప్పుతో తగిలించి విల్లు కొలతలు చూసే T ఆకారపు స్కేలు. కొన్న నెలకే ఓ స్నేహితుడికి "ఇది లేకుండా విల్లు ముట్టుకోకు" అని చెప్పాను. మూడేళ్లయ్యాక ఆ మాటకి ఒక షరతు కలపాల్సి వస్తోంది.

నాది 62 అంగుళాల రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు), డాక్రాన్ అనే పాలిస్టర్ దారంతో చేసిన అల్లెతాడు. ఆనందపురం దగ్గర మా మావయ్య జీడితోటలో మట్టిగట్టుకి ఎదురుగా సాధన. బ్రేస్ హైట్, అంటే విల్లు పిడికీ తాడుకీ మధ్య దూరం, చూడ్డానికి ఈ స్కేలంత హాయి ఇంకోటి లేదు. కొత్త తాడు కట్టిన వారం, మన విశాఖ మే నెల ఎండకి 8 అంగుళాలు కాస్తా ఏడు ముప్పావుకి దిగిపోయింది. తాడు విప్పి నాలుగు పురులు ఎక్కించడం, మళ్లీ కట్టి కొలవడం, ఇంకో రెండు ఎక్కించడం. 8కి వచ్చాక విల్లు చప్పుడే మారిపోయింది. ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

పోయిన వేసవిలో మాత్రం బాణాలు తోక ఎగరేసుకుంటూ పోవడం మొదలైంది. నాకింగ్ పాయింట్, అంటే తాడు మీద బాణం తోక తగిలించే చోటు, విల్లు మీద బాణం ఆనే మట్టం కంటే 3/8 అంగుళం పైనే ఉందని స్కేలు చెబుతోంది. తప్పు నా వేళ్లదే అనుకున్నాను. బాణాలు మార్చాను. రెండు నెలలు అలాగే పోయాయి. విల్లు మీద బాణం ఆనే చోట తోలు అరిగిపోయింది, కింది ఈకలు చిరిగాయి.

చివరికి ఇంట్లో తలుపులు బిగించడానికొచ్చిన వడ్రంగి మేస్త్రి స్కేలు చేతిలోకి తీసుకుని, "దీని చెంప తాడుకి ఆనట్లేదు బాబూ" అన్నాడు. ప్లాస్టిక్ క్లిప్పు సాగిపోయి స్కేలు వాలిపోతోంది. వరసగా మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు! ఆయన మూలమట్టం పెట్టి చూస్తే నాకింగ్ పాయింట్ దాదాపు సున్నా దగ్గరుంది. తాడు మీద ఆ చోటుకి గుర్తుగా బిగించిన ఇత్తడి నాక్‌ని పైకి జరిపాక నాలుగో బాణానికే తోక ఊగడం ఆగింది.

ఇప్పుడు క్లిప్పు మీద రబ్బరు బ్యాండు చుట్టి వాడుతున్నాను. బ్రేస్ హైట్‌కి ఢోకా లేదు, అక్కడ స్కేలు కొంచెం వాలినా తేడా చిన్నదే. నాకింగ్ పాయింట్‌కి మాత్రం ప్రతిసారీ రెండుసార్లు కొలుస్తాను.

వారానికి రెండు పూటలు, ఒకే విల్లుతో వేసేవాళ్లకి ఇది చాలు. నలుగురి విళ్లు సరిచేసేవాళ్లు లోహపు క్లిప్పున్నది చూసుకోండి. నా తాడు మధ్యలో చుట్టిన దారం కాస్త లావు, క్లిప్పు అందుకే తొందరగా సాగి ఉండొచ్చు. సన్నతాడు మీద ఇంకో ఏడాది ఎక్కువే ఆగుతుందేమో.