పన్నెండేళ్ల ఎర్ర క్యూసు, కారే హగి కప్పు, నా బిజెన్ పొరపాటు

2013లో ఉద్యోగం మీద జపాన్‌లోని నగోయా వెళ్లినప్పుడు నా పెట్టెలో రెండు స్టీలు గ్లాసులు, ఒక టీ వడపోత, అరకిలో టీపొడి ఉన్నాయి. పాలు లేని టీ తాగుతానని, అది పోసుకునే మట్టి పాత్ర కోసం జీతంలోంచి వేలకు వేలు యెన్లు తగలేస్తానని అప్పుడెవరైనా అంటే నవ్వేసేవాణ్ణి. ఆరేళ్లుండి హైదరాబాద్ తిరిగొచ్చేసరికి తొమ్మిది పాత్రలు పోగయ్యాయి. వాటిలో నా చేతికి తరచూ వచ్చేవి మూడే, కాబట్టి ఆ మూడింటి గురించే రాస్తాను. మిగతావి కొన్నాను గానీ పెద్దగా వాడలేదు, వాడని పాత్ర గురించి చెప్పడమంటే పెళ్లిచూపులు చూసొచ్చి కాపురం ఎలా ఉంటుందో చెప్పినట్టే.

మొదటిది క్యూసు, అంటే పక్కకి పిడి ఉండే చిన్న టీపాట్. టోకొనామెలో కొన్నాను. నగోయా నుంచి రైల్లో అరగంట, కాస్త అటూఇటూ. జపాన్‌లో మధ్యయుగాల నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న ఆరు పాత కుమ్మరి ఊళ్లలో ఇదొకటి. అక్కడికి వెళ్లేదాకా నాకు తెలియని సంగతేంటంటే, ఒకప్పుడు ఈ ఊరికి తిండి పెట్టింది టీపాట్ల కంటే డ్రైనేజీ గొట్టాలు. దోకన్‌జాకా అని ఒక ఏటవాలు సందు ఉంది, ఒకవైపు గోడంతా మేజీ కాలపు (1868-1912) మట్టి గొట్టాలు, ఇంకోవైపు పాత సారా సీసాలు, అవీ మట్టివే, వరసలుగా పేర్చి కట్టారు. ఇంకొంచెం ముందుకెళ్తే 1887లో కట్టి 1974 దాకా కాల్చిన పెద్ద ఆవం, దాని వెనక వరసగా పది పొగగొట్టాలు. ఇనాక్స్ కమోడ్ల కంపెనీ మొదలైంది కూడా ఈ ఊళ్లోనే. ఈ మాట ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను, ఎందుకంటే నేను క్యూసు బయటికి తీసినప్పుడల్లా మా ఆవిడ "కమోడ్ల ఊరి టీ రెడీనా" అంటుంది.

ఆ ఊరి మట్టిలో ఇనుము ఎక్కువ, అందుకే కాలిస్తే మన ఇటుకకీ కుంకుమకీ మధ్య ఎరుపు వస్తుంది. గ్లేజ్, అంటే గాజులా మెరిసే పూత, వెయ్యరు. అదే మట్టిని గాలి ఆడకుండా పొగలో మళ్లీ కాలిస్తే నల్లబడుతుంది, షాపుల్లో కనిపించే నల్ల క్యూసుల్లో చాలావరకూ అలా వచ్చినవే. ఎర్రమట్టి టీపాట్లకి పేరున్న చైనా ఇషింగ్ పద్ధతులు నేర్పడానికి 1878లో అక్కడినుంచి జిన్ షిహెంగ్ అనే ఆయన వచ్చాడట. ఆ తర్వాత వీళ్లు సారె మీద తమ పద్ధతిలో పడ్డారు. కుండ, కొమ్ము, పిడి, మూత, లోపలి జల్లెడ అన్నీ విడివిడిగా చేసి, పచ్చి ఆరకముందే అతికిస్తారు. కాల్చాక మూతనీ కుండ మూతినీ సన్నటి ఇసుకతో ఒకదాని మీద ఒకటి అరగదీసి జత కుదురుస్తారు, అందుకే ఒకదాని మూత ఇంకోదానికి సరిపోదు. షాపులో పెద్దావిడ నీళ్లు పోసి, మూత మీది చిల్లుని వేలితో మూసింది. కొమ్ములోంచి ధార ఠక్కున ఆగిపోయింది. వేలు తీసింది, మళ్లీ మొదలైంది. నేను అక్కడే పడిపోయాను. పద్నాలుగు వేల యెన్లు. ఇంటికొచ్చాక రెండ్రోజులు ఇంట్లో ధర చెప్పలేదు.

ఇక నా తెలివితక్కువతనం. కొత్త క్యూసు కొమ్ము చివర చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉంటుంది. రవాణాలో కొస విరగకుండా పెట్టింది అది, ఇంటికి తెచ్చాక తీసి పారెయ్యాలి. నేను మాత్రం టీ కారకుండా పెట్టారు కాబోలు, జపాన్ వాళ్ల బుర్రే బుర్ర అనుకుంటూ ఆరు నెలలు అలాగే వాడాను. ఒకరోజు ఆఫీసు మిత్రుడొకాయన ఇంటికొచ్చి, టీ పోస్తుంటే చూసి, మర్యాదకి ఏమీ అనలేక, చివరికి గోటితో మెల్లిగా ఊడదీశాడు. లోపల నల్లటి బూజు. ఆరు నెలలు తాగింది ఆ బూజు మీదుగా వచ్చిన టీయే. మీరు కొంటే ఇంటికి రాగానే చేసే మొదటి పని ఆ గొట్టం పీకడమే అవ్వాలి.

వాడకంలో దీనికి వంక పెట్టలేను. రెండు వందల ఎనభై మిల్లీలీటర్లు పడుతుంది, ఇద్దరికి సరిపోతుంది. పెద్దది కొనొద్దు, సెంచా అనే ఆకుపచ్చ టీ కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు దించుకుని తాగేది, మన ఇళ్లలో లాగా గిన్నెడు కాచి పెట్టుకునేది కాదు. డెబ్బై, ఎనభై డిగ్రీల నీళ్లు, ఒక నిమిషం, తర్వాత రెండు కప్పుల్లో మార్చి మార్చి కొంచెం కొంచెం పోస్తూ ఆఖరి చుక్క దాకా దులపాలి. నీళ్లు లోపల మిగిలితే రెండోసారి టీ చేదెక్కుతుంది. పిడి బోలుగా ఉంటుంది కాబట్టి కాలదు. నాలుగు వేళ్లు పిడి చుట్టూ, బొటనవేలు మూత మీద, మణికట్టు లోపలికి తిప్పితే చాలు, ఒంటి చేత్తో అయిపోతుంది. రోజుల తరబడి చేసేసరికి ఆ తిప్పడం చేతికి అలవాటైపోయి, ఒకసారి చుట్టాలింట్లో మామూలు టీపాట్‌ని కూడా అలాగే పక్కకి తిప్పి టేబుల్ మీద పోశాను.

కొన్నప్పుడు పైన పొడిపొడిగా, ఇటుక ముక్కలా ఉండేది. రోజూ వేడినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిచీ తుడిచీ ఇప్పుడు పాత టేకు కుర్చీ చేతిలా నిగనిగలాడుతోంది. సబ్బు పెట్టను, పీచు అసలే పెట్టను. మూత తీసి, బోర్లించకుండా, గాలికి ఆరనిస్తాను. జల్లెడలో టీ నలకలు ఇరుక్కుంటే వాడని మెత్తటి టూత్‌బ్రష్. ఎక్కువసేపు ఆవిరి పట్టిన ఫుకాముషి టీకి జల్లెడ చిల్లులు మరీ సన్నగా ఉన్నది చూసుకోవాలి, లేకపోతే మధ్యలో ధార ఆగి, కొమ్ములోకి ఊదాల్సి వస్తుంది, అతిథుల ముందు అది బాగుండదు.

హైదరాబాద్ వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. నగోయాలో కుళాయి నీళ్లతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు రెండు వారాల్లో లోపలంతా తెల్లటి పొర కట్టాయి, ఎర్రటి క్యూసు విబూది పెట్టుకున్నట్టు తయారైంది. గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు నిమ్మ ఉప్పు వేసి గంట నానబెడితే చాలావరకూ పోయింది. తర్వాత నాలుగుసార్లు వేడినీళ్లతో తొలిచాను. అప్పట్నుంచీ టీకి ఫిల్టర్ నీళ్లే.

ఈ మట్టిలోని ఇనుము టీ వగరు తగ్గిస్తుందని చాలామంది చెప్తారు. ఒక ఆదివారం మా ఆవిడ చేత కళ్లకి గుడ్డ కట్టించుకుని, ఒకే టీ క్యూసులోదీ పింగాణీ టీపాట్‌లోదీ తాగి చూశాను. పదిసార్లలో ఆరుసార్లు కరెక్టుగా చెప్పాను, బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. కాబట్టి రుచి కోసం కొనమని నేను చెప్పను. ధార కోసం, చేతిలో కూర్చునే తీరు కోసం కొనండి.

రెండోది హగి కప్పు. యమగుచి ప్రాంతంలో హగి అనే ఊరుంది, పదహారో శతాబ్దం చివర జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద దండెత్తినప్పుడు అక్కడినుంచి తీసుకొచ్చిన కుమ్మరులతో మొదలైన పని అది. మట్టి గుల్లగా ఉంటుంది, పైన పాలమీగడ రంగు గ్లేజ్, దాని నిండా వెంట్రుకవాసి పగుళ్లు. ఆ పగుళ్లలోంచి టీ లోపలికి ఇంకి, ఏళ్లు గడిచేకొద్దీ కప్పు రంగు మారుతుంది, దానికి "హగి ఏడు వేషాలు" అనే అర్థంలో జపాన్‌లో ఒక మాటే ఉంది. బాగుంది కదా అని కొన్నాను. మొదటిరోజు టేబుల్ మీద పెట్టి పది నిమిషాల తర్వాత చూస్తే కింద తడి వలయం. చిల్లు కప్పు అంటగట్టారని టెన్షన్ పడి, ఫోన్లో అమ్మకి చూపించాను. అమ్మ అసలు ఆశ్చర్యపోలేదు. "కొత్త కుండ కదరా, గంజిలో నానబెట్టకుండా ఎవరైనా వాడతారా?" అంది. తర్వాత తెలిసింది, జపాన్‌లోనూ చేసేది అదే, బియ్యం కడిగిన నీళ్లలోనో పలచటి గంజిలోనో మెల్లగా కాచి, అందులోనే చల్లారనిస్తారు, పిండి ఆ సందుల్ని పూడుస్తుంది. రెండుసార్లు చేశాక కారడం తొంభై వంతులు తగ్గింది. మిగతా పది వంతులు ఇప్పటికీ ఉంది.

అందమైన కప్పే, కానీ ఒళ్లంతా మొండితనం. తాగాక వెంటనే కడిగి ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వకపోతే వానాకాలంలో అడుగున బూజు పడుతుంది. పెట్టెలో పెట్టి మూతపెట్టాలంటే ఇంకా భయం. ఒకసారి మా బావమరిది వచ్చి, అందంగా ఉందని అందులో అల్లం టీ పోసుకున్నాడు, పాలతో. పాపం, ఆయన తప్పేముంది, కప్పు అన్నాక టీ పోసుకోరా. రెండ్రోజుల్లో విరిగిన పాల వాసన పట్టుకుంది. మంచినీళ్లలో కాచి, ఎండలో పెట్టి, మళ్లీ కాచి, మూడు వారాలకి గానీ వదల్లేదు. ఇప్పుడు ఇంట్లో రూల్ ఒక్కటే, పాలు స్టీలు గ్లాసుకి, మట్టికి కాదు. నా పొద్దున టీ కూడా స్టీలు గ్లాసులోనే లెండి, అల్లం దంచి వేసి.

2021లో ఆ కప్పు పగిలింది, స్టీలు సింకులో కుళాయికి తగిలి. మన వంటిళ్లలో సింకు, గ్రానైట్ గట్టు రెండూ మట్టి పాత్రలకి శత్రువులే, ఇప్పుడు ఇవి కడిగేముందు సింకులో టవలు పరుస్తాను. మూడు ముక్కలు. కింత్సుగి, అంటే ముక్కలు అతికించి అతుకు మీద బంగారు పొడి అద్దే పని, చెయ్యాలనుకున్నాను. ఎపాక్సీతో అతికించే తొందర కిట్లు దొరుకుతాయి, కానీ తాగే కప్పుకి అది పెట్టబుద్ధి కాలేదు, ఉరుషి అనే చెట్టు జిగురు తెప్పించాను. గోధుమపిండి, నీళ్లు, ఉరుషి కలిపి ముద్దచేసి అతికించడం, అట్టపెట్టెలో తడిగుడ్డ వేసి అందులో పెట్టడం. విచిత్రమేంటంటే ఈ జిగురు గట్టిపడాలంటే గాలిలో తేమ ఉండాలి. ఏప్రిల్‌లో మొదలుపెడితే మన ఎండలకి పచ్చిగానే ఉండిపోయింది, జులై వానలు పడ్డాక చకచకా గట్టిపడింది. మూడోరోజుకల్లా నా మణికట్లు ఎర్రగా పొక్కి ఒకటే దురద. అమ్మ చూసి "జీడి తగిలిందేంట్రా?" అంది. అక్షరాలా నిజం, ఉరుషి చెట్టు మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబమే. చిన్నప్పుడు ఉతికే బట్టలకి నల్లజీడితో గుర్తులు పెట్టేవాళ్లు, అది ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో అమ్మకి తెలుసు. చేతికి గ్లౌజులు లేకుండా ఈ పనికి దిగొద్దు. అతుకు మీద బంగారు పొడి అద్దేసరికి సెప్టెంబర్ వచ్చింది. గీత ఒకచోట లావుగా, వంకరగా వచ్చింది, ఎలకతోకలాగా. అయినా పట్టుకుంటే బాగుంటుంది.

మూడోది బిజెన్ కప్పు, దీని గురించి ఎక్కువ చెప్పను. ఒకయామా వైపు ఊరు, గ్లేజ్ లేకుండా ఎర్ర పైన్ కట్టెలతో పది రోజులో, ఇంకా ఎక్కువో కాలుస్తారు, గడ్డి చుట్టినచోట ఎర్ర చారలు పడతాయి. ఆ చారలు చూసే కొన్నాను. అంచు గరుకు, బరువు ఎక్కువ, వేడి టీ పోస్తే చేత్తో పట్టుకోలేను. ఇష్టపడేవాళ్లు బోలెడుమంది, నాకు పడలేదు. మే నెలలో చల్లటి నీళ్లు తాగడానికి మాత్రం దాన్ని మించింది లేదు, అదొక్కటే దాని ఉద్యోగం.

కొనేవాళ్లకి ఒక మాట. చేత్తో చేసింది అన్న చీటీ చూసి కాదు, నీళ్లు పోయించి చూసి కొనండి, ధార తెగకుండా రావాలి, ఆపగానే చుక్క కొమ్ము వెంట కిందకి పాకకూడదు. చెక్కపెట్టె మీద కుమ్మరి సంతకం, ముద్ర ఉంటే ధర పెరుగుతుంది, టీకి ఆ పెట్టెతో పనిలేదు. విమానంలో చేతి బ్యాగులోనే తెచ్చుకోండి, నేను సాక్సుల్లో చుట్టి తెచ్చాను, ఒక్కటీ పగల్లేదు.

క్యూసుకి ఒక్క లోపం చెప్పాలి, మామూలుగా అమ్మేవన్నీ కుడిచేతి వాళ్లకే. మా ఆవిడది ఎడమచేతి వాటం, ఇన్నేళ్లూ పిడి పట్టుకుని మణికట్టు బయటికి తిప్పి పోస్తుంటే, "నీకు రాదులే" అని నేనే లాక్కుని పోసేవాణ్ణి. పిడి అటువైపు ఉన్నవి కూడా చేస్తారని నిరుడు తెలిసింది, టోకొనామెలోనే చేసినది ఒకటి, నల్లది, స్నేహితుడి చేత తెప్పించాను. ఇప్పుడు సాయంత్రం టీ ఆవిడే పోస్తుంది. ఆ నల్లదాంతో నేను పోస్తే సగం టీ టేబుల్ మీదకే పోతుంది, ఆవిడ మాత్రం "నీకు రాదులే" అని తీసేసుకుంటుంది.