మెట్రో సలహాదారు ఎవరైతే మేలు: కట్టినవారా, లెక్కేసినవారా, నడిపినవారా?

విజయవాడ, విశాఖ మెట్రోల మాట మళ్లీ మొదలైనప్పటి నుంచీ, హైదరాబాద్ రెండో దశ గురించి ఏదైనా రాసినప్పుడల్లా నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు. "టీవీ చర్చలో రిటైర్డ్ రైల్వే ఇంజనీరు మెట్రో కట్టాల్సిందే అంటారు. పక్కనున్న ప్రొఫెసర్ బస్సులు పెంచితే చాలంటారు. ఆర్థికవేత్త అసలు గిట్టుబాటే కాదంటారు. ముగ్గురూ నిపుణులేగా, ఎవరి మాట పట్టుకోవాలి?" ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, తన కూతురు సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసిందనీ, ఈ రంగంలో సలహాదారు కావాలంటే తర్వాత ఏం చదవాలనీ అడిగారు. ప్రశ్నలు రెండైనా లోపలి సందేహం ఒకటే కాబట్టి ఒకేసారి రాస్తున్నాను.

ముందుగా సివిల్ ఇంజనీరు సంగతి. మన దేశంలో మెట్రో అనగానే గుర్తొచ్చేది ఇ.శ్రీధరన్. ఆయన ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడలోనే. 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన పాంబన్ వంతెనను బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువిస్తే 46 రోజుల్లో నిలబెట్టారు. తర్వాత కొంకణ్ రైల్వే, ఆ తర్వాత ఢిల్లీ మెట్రో. 2002 డిసెంబరులో షాదరా, తీస్ హజారీల మధ్య తొలి రైలు కదిలాక ప్రతి రాష్ట్రమూ అలాంటి మనిషే కావాలని అడగడం మొదలుపెట్టింది. మొండి భూమిలో సొరంగం తవ్వాలన్నా, నడిరోడ్డు మీద ట్రాఫిక్ ఆపకుండా పిల్లర్లు లేపాలన్నా, కాంట్రాక్టరు చెప్పే సాకు నిజమో కాదో తేల్చాలన్నా ఇంజనీరు తర్వాతే ఎవరైనా. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అయితే మన రివాజులో ఒక చిక్కుంది. డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రాసిన సంస్థే చాలాచోట్ల కట్టించే బాధ్యత కూడా తీసుకుంటుంది. కొచ్చి మెట్రోకు నివేదిక రాసిందీ, దగ్గరుండి కట్టించిందీ ఢిల్లీ మెట్రో సంస్థే. పని బాగానే జరిగింది, కాదనను. కానీ జీవితమంతా కట్టడంలో గడిపిన మనిషిని "ఇక్కడ కట్టాలా వద్దా?" అని అడిగితే, ఎక్కడ ఎలా కట్టాలో చెబుతారు తప్ప వద్దని చెప్పడం అరుదు. అది అబద్ధమాడటం కాదు, వృత్తి నేర్పిన చూపు. కేంద్రం 2017 మెట్రో విధానంలో ప్రత్యామ్నాయాల పరిశీలన, బయటి సంస్థతో మదింపు తప్పనిసరి చేసింది ఇలాంటి కారణానికే.

ఇంకోవైపు, డిగ్రీని చూసి మనిషిని తూచలేమనడానికి కూడా శ్రీధరనే ఉదాహరణ. 2008లో హైదరాబాద్ మెట్రోను, సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం (కంపెనీల కూటమి) దక్కించుకుంది. సర్కారు దగ్గర పైసా అడక్కపోగా తామే ఎదురు 30,311 కోట్లు ఇస్తామని బిడ్ వేశారు. ఆ లెక్కను సంబరంగా చెప్పుకుంటున్న రోజుల్లో, రైలు పేరుతో భూములు అప్పగించడం మంచిది కాదని ప్రణాళికా సంఘానికి లేఖ రాసింది ఈ సివిల్ ఇంజనీరే. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, డబ్బు సమకూర్చుకోలేక అదే ఏడాది ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది, ఎదురు ఇవ్వడం మాట అటుంచి 1,458 కోట్ల సాయం అడిగింది. ఆర్థిక నిపుణులు చెప్పాల్సిన మాట ఇంజనీరు నోట వచ్చింది. ఆయనకు వంతెనలే కాదు, బిడ్ల వెనకాల మనుషులు కూడా తెలుసు.

ఇక ఆర్థికవేత్తలు. వాళ్లు ఉత్సాహం మీద నీళ్లు చల్లుతారని మనకు కోపం. కానీ వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో బార్ట్ రైలు 1972లో మొదలైంది. పనికి వెళ్లేవాళ్లలో 15 శాతం మంది ఎక్కుతారని అధికారిక అంచనా. డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఆర్థికవేత్త మనుషులు ప్రయాణ సాధనాన్ని ఎలా ఎంచుకుంటారో ఒక నమూనా కట్టి 6.3 శాతం అన్నారు. తీరా ఎక్కింది 6.2 శాతం. ఆ కృషికే 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యార్, ఆయన సహచరులు 2005లో అనేక దేశాల రైలు ప్రాజెక్టులను పరిశీలించి, ఎక్కినవాళ్లకంటే అంచనాలు సగటున 106 శాతం ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. అంటే ఇద్దరు వస్తారన్నచోట సగటున వచ్చింది ఒక్కరేనన్నమాట.

మన దగ్గర కూడా చూడండి. హైదరాబాద్ మెట్రోకు 2014 నాటికి రోజుకు 15 లక్షల మంది, 2024 నాటికి 22 లక్షల మంది అని రాసుకున్నారు. తొలి రైలే 2017 నవంబరులో కదిలింది. 69 కిలోమీటర్లు పూర్తయ్యాక కూడా రోజువారీ సంఖ్య 5 లక్షల చుట్టూనే తిరిగింది. ఆ రైలు చెడ్డదని నేననడం లేదు, నేను ఎక్కేదీ అదే. ఆ 15 లక్షలూ 22 లక్షలూ రాసినప్పుడు "వీళ్లంతా ఇంటి నుంచి స్టేషనుకు ఎలా వస్తారు?" అని గట్టిగా అడిగిన గొంతు ఆ బల్ల దగ్గర ఉంటే బాగుండేదంటున్నాను.

ఆర్థికవేత్త బలహీనత కూడా అక్కడే ఉంది. కేంద్రం ఆమోదించాలంటే, పెట్టిన డబ్బు మీద సమాజానికి దక్కే ఆర్థిక ప్రతిఫలం 14 శాతం దాటాలి. ఆ 14 ఎక్కేవాళ్ల అంచనా మీద ఆధారపడి ఉంటుంది, ఆ అంచనా ఇంకెవరో ఇచ్చింది. ఎక్కేవాళ్లను కాస్త పెంచితే 13 కాస్తా 15 అవుతుంది. గదిలో కూర్చున్న లెక్కల మనిషికి ఆ అంకె తప్పని పట్టుకునే దారి ఉండదు.

నగర రవాణాకు ప్రణాళిక వేసే ప్లానర్ల సంగతి మన దగ్గర తక్కువ మందికి తెలుసు కానీ, వాహనాలను కాదు మనుషులను లెక్కపెట్టాలని నేర్పింది వాళ్లే. ఒక కారులో ఒక్కరు, ఒక బస్సులో అరవై మంది ఉన్నప్పుడు రోడ్డు ఎవరికి ఎంత ఇవ్వాలని అడిగింది వాళ్లే. బ్రెజిల్‌లోని కురిటీబాలో 1974లో బస్సులకు ప్రత్యేక దారి వేయించిన మేయర్ జైమీ లెర్నర్ వృత్తిరీత్యా ఆర్కిటెక్టు. ఢిల్లీలో అదే ఆలోచన 2008లో అంబేద్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య వచ్చింది. బస్సు ప్రయాణికులకు మేలు జరిగింది, కార్లవాళ్లు గొడవ చేశారు, 2016లో తీసేశారు. ఆలోచన సరైనదే, దాన్ని కాపాడే బలం ప్లానరు చేతిలో లేదు. విజయవాడలో బీఆర్‌టీఎస్ (బస్సులకు ప్రత్యేక దారి) రోడ్డు అన్న పేరు ఎందుకొచ్చిందో ఇప్పటి కుర్రాళ్లను అడిగి చూడండి.

నా దృష్టిలో తేల్చాల్సిన అసలు విషయం వేరే ఉంది. ఒకరోజు నా ప్రయాణాన్నే వాచీ చూసుకుంటూ రాసుకున్నాను. ఇంటి నుంచి బస్టాపుకు 5 నిమిషాల నడక. బస్సు కోసం 15. బస్సులో 10. స్టేషను మెట్లెక్కి లోపలికి వెళ్లడానికి 4. రైలు కోసం 4. రైల్లో 18. దిగి ఆఫీసుకు నడక 10. మొత్తం 66 నిమిషాలు. ఇందులో వేల కోట్లు పోసిన రైలు వాటా 18. రవాణా లెక్కల్లో ఎదురుచూసే నిమిషాన్ని, కూర్చుని ప్రయాణించే నిమిషానికి దాదాపు రెట్టింపు భారంగా చూస్తారు. ఎండలో స్టాపులో నిలబడ్డ ఎవరికైనా ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. నా బస్సు 15 నిమిషాలకు బదులు 5 నిమిషాల్లో వస్తే, మిగిలే 10 నాకు 20తో సమానం. రైలు కన్ను మూసి తెరిచేలోపు దించేసినా మిగిలేది 18 మాత్రమే. అంటే నా వరకు ఈ ప్రయాణం బాగుపడేది ఆ బస్టాపు దగ్గర. మరి ఆ 15 నిమిషాల గురించి తెలిసిన మనిషి ఎవరు?

నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి, కంట్రోలరై, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఒక కొత్త స్టేషను నమూనా బొమ్మ ఆయనకు చూపించాను. రంగులు, చెట్లు, గొడుగు పట్టుకుని నడుస్తున్న అమ్మాయి, కింద బస్సు రోడ్డు పక్కకు తిరిగి ఆగే బే. ఆయన చత్వారం కళ్లజోడు పెట్టుకుని బొమ్మను చాలాసేపు చూసి, బే మీద వేలు పెట్టారు.

"ఇందులో ఒక బస్సు పడుతుంది బాబూ. వెనకాలే ఇంకోటి వస్తే?"

"ఆగుతుందేమో సార్."

"ఆగదు. రోడ్డు మీదే నిలిపి దించుతాడు. ఒకసారి అలవాటైతే ఖాళీగా ఉన్నా బేలోకి దూరడు. దూరితే బయటికి రావడానికి ఆటోలు దారివ్వవు, టైము పోతుంది. నెల తిరిగేసరికి ఇది ఆటో స్టాండు."

తర్వాత ఇద్దరం కలిసి నగరంలో ఒక స్టేషను దగ్గరకు వెళ్లాం. మెట్లు దిగిన చోటి నుంచి బస్టాపు దాకా ఆయన అడుగులు లెక్కపెట్టారు, మూడు వందల పై చిలుకు. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక డ్రెయిన్, ఒక రోడ్డు దాటడం. స్టాపులో పావుగంటకో బస్సని రాసుంది. మేము నిలబడ్డ అరగంటలో రెండు బస్సులొచ్చాయి, రెండూ ఒకదాని వెనక ఒకటి. "బోర్డు తప్పు కాదు, సగటు పావుగంటే," అన్నారాయన. "జనానికి మాత్రం అరగంటకొకటి. ముందున్నది కిక్కిరిసి, వెనకది ఖాళీ. ఎక్కడో సిగ్నల్లో ముందు బస్సు నాలుగు నిమిషాలు ఆగింది, అంతే. టెర్మినల్లో వెనకదాన్ని కాసేపు ఆపి వదిలే కంట్రోలరు ఉండుంటే సరిపోయేది."

నాలుగు వందల పేజీల నివేదికల్లో ఈ నాలుగు వాక్యాలు నాకు కనపడలేదు. కాబట్టి నా మొగ్గు ఎటో ఇక దాచను: సలహా మండలిలో ఒక్క కుర్చీయే నా చేతిలో ఉంటే, బండి నడిపించిన అనుభవం ఉన్నవారికిస్తాను. ఆశ్చర్యమేమిటంటే మనం వాళ్లను పిలవనే పిలవం. 1999లో 18,397 బస్సులతో ప్రపంచంలోనే పెద్ద బస్సు సంస్థగా గిన్నిస్‌కెక్కిన ఆర్టీసీ మనది. అంత అనుభవం ఇంటి పెరట్లో పెట్టుకుని సలహా కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నాం.

వాళ్లలో లోపాలు లేవా అంటే ఉన్నాయి, పెద్దవే. ఓఆర్ (సీట్లు నిండే శాతం) పడిపోయిన ట్రిప్పును తీసేయడం డిపోలో పుట్టిన అలవాటు. తీసేస్తే ఎదురుచూపు పెరుగుతుంది, ఇంకొందరు మానేస్తారు, తర్వాతి ట్రిప్పు ఓఆర్ కూడా పడుతుంది. టికెట్టు కొన్నవారే వాళ్ల లెక్కలోకి వస్తారు. రెండేళ్ల కిందట విసిగిపోయి అప్పు చేసి బండి కొనుక్కున్న మనిషి కండక్టరు టికెట్లు కొట్టే టిమ్ మెషిన్‌లో ఎక్కడా కనపడడు. అతన్ని వెతికి పట్టుకోవడానికి ప్లానరు ఇంటింటి సర్వే కావాలి, ఆర్థికవేత్త నమూనా కావాలి. పైగా చాలామంది బస్సు అధికారులు మెట్రోను తమ రూటు మింగేసే పోటీదారుగా చూస్తారు, స్టేషనుకు బస్సులు కలపడమంటే చేయి రాదు. అందుకే నేను వాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టమనడం లేదు. వాళ్లు లేకుండా మిగతావాళ్లు కూర్చోవద్దంటున్నాను.

మిగిలినవాళ్ల గురించి క్లుప్తంగా. ఐఏఎస్ అధికారులు శాఖల మధ్య తగువు తీర్చడానికి అవసరం, కానీ విషయం పట్టు దొరికేలోపు బదిలీ అవుతారు. హైదరాబాద్ మెట్రోను చాలా ఏళ్లు నడిపిన ఎన్వీఎస్ రెడ్డి రైల్వే అకౌంట్స్ సర్వీసు నుంచి వచ్చినవారు, ఆయనకు కలిసొచ్చింది చదువుతో పాటు కుర్చీలో అంతకాలం ఉండటం. సాఫ్ట్‌వేర్ వాళ్లు యాప్ చేస్తారు, బస్సు లేనిచోట యాప్ బస్సును తేలేదు. లాయర్లు ఒప్పందం రాసే రోజు తప్పకుండా కావాలి. ఇక అసలు ఏ గుంపులోనూ చేరనివాళ్లూ ఉంటారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 2015 ఆగస్టులో బస్సు రూట్లన్నీ ఒక్కసారిగా మార్చి, తరచుగా వచ్చే బస్సుల వల అల్లారు. ఆ పనిలో ముఖ్యపాత్ర వహించిన సలహాదారు జారెట్ వాకర్ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది రంగస్థల కళల్లో. ఆయన ఎక్కడికెళ్లినా మొదట మాట్లాడేది బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తుందన్నదాని గురించే.

కాబట్టి టీవీ చర్చ చూసేటప్పుడు గానీ, మీ ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లినప్పుడు గానీ నిపుణుణ్ని రెండు సంగతులు అడగండి. మీరు ఇంతకుముందు ఇచ్చిన అంచనా ఏమిటి, తీరా ఎంతమంది ఎక్కారు? మా వీధి చివర నుంచి మీ స్టేషను దాకా వచ్చే బస్సు ఎన్ని నిమిషాలకొకటి, దాన్ని నడిపేదెవరు? రెండోదానికి "ఫీడర్ సర్వీసులు ఉంటాయి" అని మాత్రమే జవాబొస్తే, బస్సుల సంఖ్య, డిపో పేరు చెప్పేదాకా కూర్చోకండి.

కూతురి గురించి అడిగిన నాన్నగారికి: వరంగల్ నిట్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్ ఎం.టెక్ ఉంది, ఢిల్లీ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ ఉంది. సివిల్ చదివిన అమ్మాయి కాబట్టి నేనైతే రెండోదే చెబుతాను, ఇంజనీరు చూపు ఎలాగూ వచ్చేసింది. చేరేలోపు మూడు నెలలు ఖాళీ ఉందన్నారు కదా. ఏదైనా డిపోలో అనుమతి అడిగి, తెల్లవారుజామున మొదటి సర్వీసు బయల్దేరే వేళకు గేటు దగ్గర నిలబడమనండి. ఏ బస్సు ఎన్నింటికి బయటికి రావాలో, ఎన్నింటికి వచ్చిందో, ఆలస్యమైతే ఎందుకో డ్రైవరునే అడిగి రాసుకోమనండి. నెలాఖరుకు ఆ నోటుపుస్తకం నాకూ ఒకసారి చూపిస్తే సంతోషిస్తాను.