జాన్ డ్రేక్‌కు ఏది తగిన సంగీతం: ‘హై వైర్’ వాద్యమా, ‘సీక్రెట్ ఏజెంట్ మ్యాన్’ పాటా?

జాన్ డ్రేక్ అనే గూఢచారి కథానాయకుడిగా వచ్చిన బ్రిటిష్ టీవీ ధారావాహిక ‘డేంజర్ మ్యాన్’ ప్రస్తావన తెచ్చిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒక్కటే. 1964లో ఆ ధారావాహిక గంట నిడివితో తిరిగి మొదలైనప్పుడు బ్రిటన్‌లో టైటిళ్ల మీద వినిపించిన ఎడ్విన్ ఆస్ట్లీ వాద్యం ‘హై వైర్’ మేలా, 1965లో అమెరికాలో సీబీఎస్ టీవీ సంస్థ దాని పేరును ‘సీక్రెట్ ఏజెంట్’గా మార్చి తగిలించిన జానీ రివర్స్ పాట మేలా? పాటను ముందు విన్నవారు పాటను వదలరు, బొమ్మను ముందు చూసినవారు వాద్యాన్ని వదలరు. నేను పాట దారినే వచ్చాను. అయినా ఈ మధ్య రెండు టైటిళ్లనూ పక్కపక్కన పెట్టుకుని పదేపదే చూశాక నా మొగ్గు వాద్యం వైపు తిరిగింది.

ముందు పాట సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే దాని బలం తక్కువదేమీ కాదు. రాసినవారు పి.ఎఫ్. స్లోన్, స్టీవ్ బారీ. అదే 1965లో అమెరికాలో మొదటి స్థానానికి చేరిన ‘ఈవ్ ఆఫ్ డిస్ట్రక్షన్’ కూడా స్లోన్ రచనే. సీబీఎస్ ఈ ధారావాహికను మొదలుపెట్టిన ఏప్రిల్ నాటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. టీవీకి కావలసింది టైటిళ్లు కదిలిపోయేంతసేపు సరిపడే ముక్క కాబట్టి మొదట తయారైనది ఒక చరణం, పల్లవి మాత్రమే. మిగిలిన చరణాలు తరువాత వచ్చి చేరాయి. లౌ ఆడ్లర్ నిర్మాణంలో, లాస్ ఏంజెలెస్‌లోని ‘విస్కీ ఎ గో గో’ క్లబ్బులో శ్రోతల ముందు రివర్స్ పాడిన పూర్తి రూపం 1966లో అక్కడ పాటల ఆదరణను కొలిచే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది. మంద్రపు తీగల మీద మొదలయ్యే దాని గిటార్ ఎత్తుగడ ఒక్కసారి వింటే చెవిని పట్టుకుని వదలదు. ‘ద వెంచర్స్’ బృందం అదే సంవత్సరం దాన్ని మాటలు లేకుండా వాయించి కూడా మెప్పించింది. పల్లవిలోని ‘ఏజెంట్’ను ‘ఏషియన్’ అని పొరపాటుగా వినేవారు అక్కడ ఎంతమంది అంటే, అది తరాలుగా నిలిచిపోయిన వేళాకోళమైంది.

ఇంత మంచి పాటను రెండో స్థానంలో ఎందుకు పెడుతున్నానంటే, నా దృష్టిలో టైటిల్ సంగీతానికి ఉండవలసిన మొదటి గుణం తరువాత తెర మీదికి రాబోయే మనిషిని సరిగ్గా పరిచయం చేయడం. ప్యాట్రిక్ మెక్‌గూహన్ పోషించిన డ్రేక్ ఎటువంటివాడో చూసినవారికి తెలుసు. తుపాకీని దాదాపు ముట్టడు, ఆడవారితో సరసాలకు దిగడు, తెలివితోనూ అవసరమైతే పిడికిలితోనూ పని ముగించుకుంటాడు. పాత్ర అలాగే ఉండాలని పట్టుబట్టినది స్వయంగా మెక్‌గూహన్. జేమ్స్ బాండ్ వేషాన్ని కాదన్న నటుడాయన. ఇక పాట ఏమంటోంది? అందమైన ముఖాలతో జాగ్రత్త అంటుంది, ముద్దుల మధ్య నోరు జారవద్దంటుంది, ఒకనాడు రివియెరాలో విలాసంగా తిరిగినవాడు మర్నాడు బొంబాయి సందులో పడి ఉంటాడంటుంది. ఎవరినీ ముద్దు పెట్టుకోని మనిషికి ముద్దుల విషయంలో హెచ్చరిక! పాటలోని గూఢచారి డ్రేక్ కాడు. అంతకు ముందు సంవత్సరమే ‘గోల్డ్‌ఫింగర్’తో థియేటర్లను ఊపేసిన బాండ్ పోలికలే ఆ మాటల్లో కనిపిస్తాయి. అమెరికా ప్రేక్షకులను రప్పించడానికి అది పనికివచ్చి ఉండవచ్చు, కాని పాట ముగిసి కథ మొదలయ్యాక వచ్చే మనిషి వేరు.

‘హై వైర్’ ఆ మనిషిని మాటల్లేకుండానే పట్టుకుంది. దాని ముఖ్య వాద్యం హార్ప్సికార్డ్. చూడటానికి పియానోకు తోబుట్టువులా ఉన్నా ఇది పనిచేసే తీరు వేరు. పియానోలో మెట్టు నొక్కితే చిన్న సుత్తి వెళ్లి తీగను కొడుతుంది కాబట్టి వేలి బలాన్ని బట్టి ధ్వని పెరుగుతుంది, తగ్గుతుంది. హార్ప్సికార్డ్‌లో ఒక చిన్న ములుకు తీగను మీటి వదిలేస్తుంది. ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా స్వరం ఇంచుమించు ఒకే స్థాయిలో, పదునుగా పలికి వెంటనే ఆరిపోతుంది. మన వీణ మీటులోని గమకం గాని, లాలిత్యం గాని దానిలో ఉండవు. కోపమూ భయమూ మోహమూ ఏదీ పైకి కనబడనీయని ఆ వాద్యం, ఎదుటివాడు ఎంత రెచ్చగొట్టినా ముఖంలో గీత కదలనీయని డ్రేక్‌కు సరిగ్గా సరిపోయింది. దాని వెనుక ఆస్ట్లీ నిలిపిన ఇత్తడి వాద్యాల జాజ్ బృందం ప్రమాదాన్ని గుర్తుచేస్తూనే ఉంటుంది; ముందున్న వాద్యం మాత్రం తొణకదు. గాలిలో కట్టిన తీగ మీద నడిచేవాడు కింద జనం ఎంత అరిచినా తల తిప్పడు కదా, పేరు కూడా అలాగే కుదిరింది. ‘ద సెయింట్’ అనే మరో టీవీ ధారావాహికకు కూడా సంగీతం కూర్చిన ఆస్ట్లీకి ఒక్కొక్క కథానాయకుడి నడకను విడివిడిగా పట్టుకోవడం తెలుసు. ఇంకొక మాట: అమెరికా ప్రసారంలోనూ టైటిళ్లు దాటాక కథ లోపల వినిపించేది ఆస్ట్లీ సంగీతమే కాబట్టి, అక్కడి ప్రేక్షకుడు గిటార్ గుమ్మం దాటి హార్ప్సికార్డ్ ఇంట్లోకి అడుగుపెట్టేవాడు.

1960లో అరగంట కథలతో మొదలైన మొదటి విడతకు ఆస్ట్లీయే కూర్చిన వేరే బాణీ ఉంది. దాని మీద డ్రేక్ గొంతు వినిపించి, చివర ‘నా పేరు డ్రేక్, జాన్ డ్రేక్’ అంటుంది. మొదటి బాండ్ సినిమా 1962లో గాని రాలేదని గుర్తుచేసి ముందుకు వెళ్తాను, ఎందుకంటే సంగీతంగా అది తరువాతి దానికి సాటి రాదు. ఆ కాలపు ఇతర గూఢచారి ధారావాహికల్లో జెర్రీ గోల్డ్‌స్మిత్ ‘ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ బాణీ మంచిదే గాని సీజన్లు మారేకొద్దీ దాని కూర్పూ మారిపోయింది. ‘గెట్ స్మార్ట్’ సంగీతం హాస్యానికి ఉద్దేశించినది, ఈ పోటీలోకి రాదు.

1966లో వచ్చిన ‘మిషన్: ఇంపాజిబుల్’ సంగతేమిటని తప్పక అడుగుతారు. లాలో షిఫ్రిన్ కూర్చిన ఆ ఐదు లెక్కల బాణీని తాళపు జతులను నోటితో పలికే మన కొన్నకోలులో చెప్పుకుంటే ‘తకిట తకిట తక తక’ అవుతుంది. రెండు దీర్ఘాలు, రెండు హ్రస్వాలు. మోర్స్ సంకేతంలో రెండు గీతలు ‘ఎం’, రెండు చుక్కలు ‘ఐ’. ఖండచాపు విన్న చెవికి ఆ నడక వింతగా తోచదు. 1996 సినిమా కోసం యూ2 బృందంలోని ఇద్దరు దాన్ని తకధిమిలోకి దించినప్పుడే నాకు చప్పగా అనిపించింది. సంగీతంగా అది పై రెండింటికంటే గొప్పది కావచ్చు. కాని ఆ ధారావాహికలో ఉన్నది ఒక జట్టు, ఒక పని. ఒంటరి మనిషిని పరిచయం చేయవలసిన భారం ఆ బాణీ మీద లేదు. అందుకే దాన్ని ఈ తక్కెడలో వేయడం లేదు.

వాద్యం వైపు ఇంత మొగ్గినా, పాటలోని ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతాను. నీకో అంకె ఇచ్చి పేరు లాక్కున్నారు అనే ఆ పల్లవి డ్రేక్‌కు వర్తించదు. ఆయనకు పేరుంది, అంకె లేదు. కాని 1967లో మెక్‌గూహన్ తన సొంత సృష్టి ‘ద ప్రిజనర్’లో, ఉద్యోగం వదిలేసిన గూఢచారిగా, పేరు పోయి ‘ఆరో నంబరు’ అనే అంకె మాత్రమే మిగిలిన బందీగా కనిపించాడు. ఆ బందీ డ్రేకేనని వాదించేవారు నేటికీ ఉన్నారు, మెక్‌గూహన్ మాత్రం ఒప్పుకోలేదు. ఎవరి వాదన ఎలా ఉన్నా, 1965లో తప్పు ధారావాహికకు రాసిన ఆ వాక్యం రెండేళ్ల తరువాత వచ్చిన పదిహేడు భాగాలకు అతికినట్టు సరిపోయింది. ‘ద ప్రిజనర్’ మొదటి భాగం చూడబోయేవారికి ముందుగా రివర్స్ పాట వినమని చెబుతాను, డ్రేక్‌ను చూడబోయేవారికి మాత్రం చెప్పను.