అడాప్టివ్ క్రూజ్ కారుతో కోనసీమ: హైవే మీద హాయి, కాలవ గట్టు మీద వద్దు

డిసెంబర్ చివర్లో విజయవాడ నుంచి కోనసీమలోని దిండి వెళ్ళొచ్చామండి, నేను, మా ఆవిడ, అమ్మ, పిల్లాడు. కారు కొత్తది, ఆటోమేటిక్, అడాప్టివ్ క్రూజ్ (ముందు బండిని బట్టి స్పీడ్ దానంతటదే తగ్గించి పెంచుకునేది) ఉంది, కొన్నాక మొదటి లాంగ్ డ్రైవ్ ఇదే. ఇలాంటి బండి తీసుకుని గోదావరి జిల్లాలకి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం, హనుమాన్ జంక్షన్ దాకా ఒకటే మంచు. ముందు వైపు రాడార్, అద్దం వెనక కెమెరా, ఆ రెండూ కలిసి ముందు బండిని చూస్తాయి కదా, మంచుకి సెన్సార్ పనిచేయట్లేదని మీటర్ మీద మెసేజ్ వచ్చి క్రూజ్ ఆగిపోయింది. ఏలూరు దాటాక ఎండ వచ్చింది, అప్పుడు 90కి సెట్ చేసి, ముందు బండికీ మనకీ ఉండాల్సిన గ్యాప్ మూడు గీతలు పెట్టా. ముందు లారీ 60కి తగ్గితే మనదీ 60కి తగ్గుద్ది, లారీ తప్పుకుంటే దానంతటదే మళ్ళీ 90కి పోద్ది. రెండు గంటలు నడిపినా కుడికాలు లాగలేదు. కాకపోతే ఆ ఖాళీలోకి బైకులు, ఆటోలు దూరుతూనే ఉంటాయి, దూరినప్పుడల్లా బండి గట్టిగా బ్రేక్ వేస్తుంది, వెనక సీట్లో అమ్మకి కడుపులో తిప్పేసింది. అలాగని ఒక గీతకి తగ్గించకండి, అది మరీ దగ్గర.

కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట టోల్ గేట్ల దగ్గర క్రూజ్ ముందే ఆఫ్ చేసేయండి. ముందు కారు కదలగానే మనదీ దాని వెనకే పోబోద్ది, కిందకి దిగే గేటు కర్రని అది చూస్తుందని నమ్మడానికి లేదు.

అసలు భయం వేసింది సిద్ధాంతం బ్రిడ్జికి కాస్త ముందు. మా ముందున్న లారీ ఉన్నట్టుండి కుడికి తప్పుకుంది, దారి ఖాళీ అయిందనుకుని మా బండి స్పీడ్ పెంచింది, కానీ ఎదురుగా గడ్డి ట్రాక్టర్ ఆగి ఉంది, వెనక లైటూ లేదు, ఎర్రగుడ్డా లేదు, గడ్డి రెండు పక్కలా చక్రాల కంటే బయటికి వేలాడుతోంది. బ్రేక్ తొక్కేశా. మంచి స్పీడులో ఉన్నప్పుడు ఆగి ఉన్న బండిని గుర్తించకపోవచ్చని మాన్యువల్లో కూడా రాసి ఉంది, ఆ పేజీ తప్పకుండా చదవండి. "నాన్నా, నువ్వు కాలు బ్రేక్ మీదే పెట్టుకో" అంది అమ్మ, అప్పట్నుంచీ అలాగే నడిపా.

రావులపాలెంలో హైవే దిగి ముందు ఆత్రేయపురం వెళ్ళాం. ఒక పక్క కాలవ, ఇంకో పక్క అరటితోట, మధ్యలో సన్నటి రోడ్డు. ఇక్కడ క్రూజ్ మాట అటుంచండి, లేన్ అసిస్ట్ (బండి గీత దాటకుండా స్టీరింగ్‌ని సరిచేసేది) కూడా తీసేయాలి. ఎదురుగా బస్సొస్తే మనం గట్టు అంచుకి జరగాలి, అదేమో చెరిగిపోయిన తెల్లగీత పట్టుకుని స్టీరింగ్ వెనక్కి లాగుద్ది. గెల కట్టుకున్న సైకిళ్ళు, గేదెలు, కాలవకి నీళ్ళకొచ్చేవాళ్ళు, ఈ రోడ్డు మీద కళ్ళే సెన్సార్లు. ఇక్కడి పూతరేకులు 2023లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన సరుకు, బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డని ఇలా పరిచి అలా తీస్తే రేకు వచ్చేస్తుంది, మా పిల్లాడు అక్కణ్ణుంచి కదల్లేదు. బెల్లం, నెయ్యి వేసినవే కొనండి.

కొత్తపేట, పి.గన్నవరం అక్విడక్ట్ (గోదారి పాయ మీదుగా కాలవని దాటించే వంతెన) మీదుగా రాజోలు, అక్కణ్ణుంచి దిండి. టూరిజం వాళ్ళ రిసార్ట్ గోదారి ఒడ్డునే, చోటు చాలా బాగుంటుంది, మాకు రూములు దొరకలేదు. మొదటి రాత్రి ఒక ప్రైవేట్ రిసార్ట్‌లో 4500 పెట్టి దిగితే వేడినీళ్ళు లేవు, తొమ్మిదికి చెప్పిన భోజనం పదిన్నరకి తెచ్చారు. రెండో రాత్రి కొబ్బరితోటలో ఒకళ్ళ ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం, 2000. ఏసీ లేదు గానీ ఆ ఇంటావిడ తెల్లారకుండానే "ఆయ్, వేణ్ణీళ్ళు పెట్టేనండి, అమ్మగార్ని ముందు పోసుకోమనండి" అని పిలిచింది, చేపల పులుసు మట్టిదాకలో కట్టెల పొయ్యి మీద పెట్టింది. కుటుంబంతో వెళ్తే ఇలాంటిదే చూసుకోండి. కారు పెట్టే చోటు మాత్రం ముందే అడగండి, మేం రివర్స్‌లో తోట బయటికి రావడానికి పావుగంట పట్టింది.

తిరుగు ప్రయాణం చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు మీదుగా వచ్చాం, తణుకు దాకా క్రూజ్ వాడకుండా మొత్తం నేనే నడిపా. హైవే ఎక్కాక 80కి పెట్టి, గ్యాప్ పూర్తిగా పెంచి, కాలు మాత్రం బ్రేక్‌కి తగలకుండా దాని పైనే సిద్ధంగా ఉంచా. ఏలూరు వచ్చేదాకా అమ్మ నిద్రపోయింది.