'ప్యూర్ లెడ్' కొంటున్నారా? క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ ఉన్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

టెక్సస్‌లో ఉంటూ పాతకాలం రివాల్వర్‌తో అడవిపందుల వేటకి వెళ్ళే తెలుగువాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమి ఉంటామేమో. అయినా రాస్తున్నాను. 'ప్యూర్ లెడ్', అంటే స్వచ్ఛమైన సీసం, అన్న ప్రకటన నమ్మి కొన్నందుకు గత నెలలో నాకు 142 డాలర్లు, ఒక లోడింగ్ లివర్ పోయాయి. వేళ్ళు మిగిలాయి, అదే సంతోషం. ఆ అమ్మినాయన మొన్న అదే సరుకు మళ్ళీ అమ్మకానికి పెట్టాడు, అందుకే ఈ టపా.

సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నా దగ్గరున్న క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ 1858 రెమింగ్టన్‌కి ఇటలీలో చేసిన 44 క్యాలిబర్ రెప్లికా. దీనికి రెడీమేడ్ తూటా ఉండదు. సిలిండర్‌లో ఒక్కో గదిలో తుపాకి మందు పోసి, పైన సీసం గుండు పెట్టి, బ్యారెల్ కింద ఉన్న లివర్‌తో లోపలికి నొక్కాలి. తర్వాత వెనక నిపుల్ అనే చిన్న గొట్టం మీద, దెబ్బ పడగానే నిప్పు పుట్టించే చిన్న రాగి క్యాప్ తొడగాలి. ఆ తుపాకి మందుని ఇంగ్లీషులో బ్లాక్ పౌడర్ అంటారు, దాన్ని మాత్రం 'నల్లమందు' అని తెలుగు చేయకండి. మా అమ్మ ఫోన్లో ఆ మాట విని, నేను అమెరికా వచ్చి చెడిపోయానని రెండు రోజులు బెంగపెట్టుకుంది. మన పాత మాట 'మందుగుండు' దీనికి అతికినట్టు సరిపోతుంది. ముందు మందు, దాని మీద గుండు.

కిటుకంతా గుండులోనే ఉంది. గది నోరు పాయింట్ 450 అంగుళాలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులోకి పాయింట్ 454 గుండుని దూర్చాలి. లివర్ నొక్కుతుంటే గుండు అంచు చెక్కుకుపోయి, ముక్కుపుడక రింగంత సన్నగా ఒక సీసపు చుట్ట ఊడి వస్తుంది. ఆ చుట్ట ఎక్కడా తెగకుండా వచ్చిందంటే గుండు గదిని బిగించి మూసిందని అర్థం. పక్క గది పేలినప్పుడు నిప్పు ఇందులోకి రాదు, గుండు ముందుకి జారదు. ఇదంతా జరగాలంటే సీసం మెత్తగా ఉండి తీరాలి. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తగా.

నేను కొన్నది ఒక 'హంటింగ్ కిట్'. 20 పౌండ్ల సీసం, దాంతోపాటు రెండు గుండ్లు ఒకేసారి పోసుకునే సెకండ్ హ్యాండ్ అచ్చు. ప్రకటనలో రాసింది నాకింకా గుర్తుంది: స్వచ్ఛమైన మెత్తటి సీసం, వేటకి హార్డ్ కాస్ట్ నాణ్యత. మెత్తదనం, గట్టిదనం ఒకే వాక్యంలో ఎలా కాపురం చేస్తాయని అప్పుడే అడగాల్సింది. వేట అనే మాట చూడగానే గట్టి గుండయితేనే పంది తోలు దిగుతుందనిపించింది. కొత్త రకం రివాల్వర్లకి ఆ లెక్క నిజమే. వాటికి సీసంలో ఆంటిమొనీ అనే లోహం, తగరం కలిపి గట్టి బుల్లెట్లు పోస్తారు, అవి చదునవకుండా లోతుకి దిగుతాయి. కానీ వాటిని ఎవరూ లివర్‌తో గదిలోకి చెక్కుకుంటూ నొక్కరు కదా! బ్రినెల్ కొలతలో స్వచ్ఛమైన సీసం గట్టిదనం 5 దరిదాపుల్లో ఉంటుంది. కారు చక్రాలకి తగిలించే పాత వీల్ వెయిట్లు కరిగిస్తే వచ్చేది దానికి రెట్టింపు.

డబ్బు కూడా స్నేహితులకి పంపే పద్ధతిలో పంపమన్నాడు, ఫీజు తగ్గుతుందట. పంపాను. ఆ పద్ధతిలో పంపిన డబ్బుకి కొనుగోలు రక్షణ ఉండదని తర్వాత తెలిసింది, అంటే తెలిసే ఉంది, గుర్తు రాలేదు.

సరుకొచ్చింది. కడ్డీలు మఫిన్ ఆకారంలో ఉన్నాయి, ఎవరు పోశారో చెప్పే ముద్ర లేదు. గరాజ్ బయట, గాలి ఆడే చోట పొయ్యి పెట్టి కరిగించాను. మొదటి మూడు కడ్డీలు బాగానే కరిగాయి. నాలుగోది వేశాక పైన తెట్టు కట్టింది. మామూలు సీసం తెట్టు పొడిపొడిగా ఉంటుంది, ఇది అడుగంటిన ఓట్స్ గంజిలా ముద్దముద్దగా ఉంది. అంటే ఇవి వీల్ వెయిట్లు కరిగించి పోసిన కడ్డీలు, వాటి మధ్య జింక్‌వి కలిసిపోయి ఉంటాయి, అదీ సంగతి. కాలిఫోర్నియాలో 2010 నుంచి సీసం వీల్ వెయిట్ల మీద నిషేధం ఉంది, జింక్‌వి, స్టీల్‌వి వాడకంలోకి వచ్చాయి. పాత టైర్ల షాపు బకెట్‌లో అన్నీ కలిసే ఉంటాయి. సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్‌లో కరుగుతుంది, జింక్‌కి 419 కావాలి. పొయ్యి వేడి అదుపులో ఉంటే జింక్ ముక్కలు పైకి తేలతాయి, ఏరి పారేయొచ్చు. మంట ఎక్కువయిందా, కరిగి మొత్తం కుండని పాడుచేస్తుంది. మా అమ్మినాయన ఏరలేదు.

నాకు అప్పటికీ బుద్ధి రాలేదు. ఆ తెట్టు తీసేసి 60 గుండ్లు పోసుకుని శనివారం కాల్పుల సాధన చేసే రేంజికి వెళ్ళాను. మొదటి గుండుకే లివర్ మొరాయించింది. రెండు చేతులతో నొక్కాను. రింగు రావాల్సిన చోట పొట్టులా రాలింది. రెండో గుండు మాత్రం అసలు అడ్డే లేకుండా జారి కూర్చుంది. ఇదేంటి, ఒకటి దూరనంటుంది, ఇంకోటి జారిపోతుంది! అప్పుడైనా ఆపాలి. వచ్చే శనివారం వేట ఉంది, ట్రయల్ అవ్వలేదన్న టెన్షన్‌లో ఆపలేదు. అయిదో గుండు నొక్కుతుంటే లివర్ పిన్ను వంగింది. ఎలాగో అయిదు గదులు నింపి కాల్చాను. మూడో దెబ్బ తర్వాత సిలిండర్ తిరగలేదు. దించి చూస్తే, జారి కూర్చున్న గుండు మూడు దెబ్బల అదురుకి ముందుకి వచ్చేసి బ్యారెల్ అంచుకి తగులుకుంది. అంటే ఆ గది మూత అంత వదులుగా ఉందన్నమాట. పక్క గది నిప్పు అందులోకి దూరి ఉంటే ఒకేసారి రెండు మూడు పేలేవి. చెయిన్ ఫైర్ అంటారు దాన్ని. రివాల్వర్ పట్టుకున్న చెయ్యి సిలిండర్ వెనకాలే ఉంటుంది, ముందు వైపు ఇంకో చెయ్యి పెట్టే అలవాటున్నవాళ్ళ గతి చెప్పనక్కర్లేదు.

నాకు ఈ విద్య నేర్పిన పెద్దాయన ఒకరున్నారు, మా ఒంగోలు వైపాయనే, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే. కడ్డీ పట్టుకుని ఆయన గరాజ్‌కి వెళ్ళాను. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు, నడుమెత్తు నుంచి సిమెంట్ నేల మీద వదిలారు. ఖంగుమంది. తర్వాత తన అల్మరాలోంచి ఒక కడ్డీ తీసి వదిలారు. దబ్బుమంది, తడి మట్టిముద్ద పడ్డట్టు.

"ఇది మోగుతోంది తమ్ముడూ. సీసం మోగదు," అన్నారు.

"ప్యూర్ అన్నాడండీ."

"అంటాడు. పాలవాడు నీళ్ళు కలిపానని చెప్తాడా?"

ఆయన దగ్గరున్న మంచి అచ్చులో నా సీసం ఒకసారి, ఆయన సీసం ఒకసారి పోసి తూచాం. పాయింట్ 454 గుండు స్వచ్ఛమైన సీసంతో 140 గ్రెయిన్లు (గుండ్ల బరువు చెప్పే చిన్న కొలత) తూగాలి, పౌండుకి 50 గుండ్లు. ఆయనవి 140 తూగాయి, నావి 136 దగ్గర ఆగిపోయాయి. ఆంటిమొనీ, తగరం, జింక్ అన్నీ సీసం కన్నా తేలిక, కల్తీ ఎంతో త్రాసే చెప్పేస్తుంది. తర్వాత నా అచ్చులో పోసిన గుండుకి క్యాలిపర్ పెట్టారు. ఒక వైపు పాయింట్ 453, తిప్పి కొలిస్తే పాయింట్ 446. అచ్చు రెండు సగాలూ ఒకదానికొకటి సరిగ్గా ఆనడం లేదు, వెలుతురుకి పట్టి చూస్తే సన్నటి సందు కనిపించింది. గుండు కోడిగుడ్డు పోలికలో ఉంది. ఏ వైపు పెట్టామన్నదాన్ని బట్టి ఒకటి ఇరుక్కుంటోంది, ఇంకోటి జారుతోంది. మెత్తటి సీసమైతే కాస్త నలిగి సర్దుకునేది, ఈ గట్టి లోహం ఎక్కడిదక్కడే బిగదీసుకుంది.

కాబట్టి కొనేముందు అమ్మేవాణ్ణి కడ్డీ నేల మీద వదిలిన వీడియో అడగండి, గోటి గీత ఫోటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. నిజంగా స్వచ్ఛమైన సీసం కావాలంటే ఇళ్ళ పైకప్పుల మీద పైపుల చుట్టూ వాడే సీసం రేకు, పాత సీసం నీళ్ళ పైపు లాంటివి స్క్రాప్ యార్డుల్లో దొరుకుతాయి, వాటిని చేత్తో వంచి చూసుకుని తెచ్చుకోవచ్చు. అచ్చు మాత్రం కొత్తదే కొనుక్కోండి. ఇరవై ముప్ఫై డాలర్లు మిగుల్చుకోబోయి నేనేం చేశానో చూశారుగా.

కిట్‌తో వచ్చిన కాగితంలో పాత వంటగిన్నెలో కరిగించుకోవచ్చని ఉంది. దయచేసి ఆ పని చేయకండి. సీసం తాకిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. మనం చేత్తో అన్నం తినేవాళ్ళం, ఇంట్లో పిల్లలుంటారు. పని అయ్యాక బట్టలు విడిగా ఉతికి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోండి. కరిగిన సీసం దగ్గర నీటి చుక్క పడకూడదు, కుండ మొత్తం మొహాన చిమ్ముతుంది.

ఇంకోటి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి కూడా పంపిస్తానని ప్రకటనలో ఉంది. అక్కడ 2019 జులై 1 నుంచి వేటకి సీసం గుండ్లు పూర్తిగా నిషేధం, ముందు నుంచి నింపే తుపాకులకి కూడా. రాబందు జాతి కాండర్లు సీసం తిని చచ్చిపోతున్నాయని తెచ్చిన చట్టం. ఆ ముక్క ప్రకటనలో ఎక్కడా లేదు. ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు మీ ఊళ్ళో వేరుశనగ చేలో పందులు పడుతున్నాయని సరదాకి కూడా ప్రయత్నించకండి. 1959 ఆయుధాల చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండూ మెడకి చుట్టుకుంటాయి.

అమ్మినాయనకి ఫోటోలన్నీ పంపాను. "కరిగించిన సరుకు వాపసు తీసుకోను" అన్నాడు. కరిగించకుండా తెలిసేదెలా అంటే జవాబు లేదు. కరిగించని కడ్డీలైనా తీసుకోమన్నాను, దానికీ లేదు. లివర్ కొత్తది ఆర్డర్ చేశాను. వేట వచ్చే నెలకి వాయిదా పడింది, అదీ పెద్దాయన పక్కనుండి, పాతిక గజాల లోపే కాల్చాలన్న షరతు మీద. మిగిలిన కడ్డీల్ని కొత్త రకం పిస్టల్‌కి గుండ్లు పోసుకునే ఒకతను స్క్రాప్ ధరకి తీసుకుంటానన్నాడు, అందులో జింక్ ఉందని చెప్పాక ఇంకా తగ్గించాడు.

కొత్త ప్రకటనలో కూడా అవే మఫిన్ కడ్డీలు, చెక్క బల్ల మీద పాత రివాల్వర్ పక్కన పేర్చి ఉన్నాయి. అచ్చు ఈసారి లేదు, అది నా దగ్గరే ఉంది కదా. ధర పది డాలర్లు పెంచాడు.